ఏడో మజిలీ

పాండు జీపు వెనక సీటు కింద తల దూర్చి, కిందటి ట్రిప్పులో ఎవరో పారేసిన పల్లీల పొట్టును చీపురుతో గీరి బయటికి తీస్తున్నాడు. వికారాబాద్ స్టేషన్ ముందు జనవరి చలి ఇంకా విడవలేదు. ఛాయ్ బండి దగ్గర ఆటోవాళ్ళు చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. హైదరాబాద్ రైలు వచ్చేలోగా సీట్లు తుడవాలి, అద్దాలు తుడవాలి, ముందు సీటు మీది చిరుగు కనబడకుండా తువ్వాలు పరవాలి. ఈ పనులన్నీ అతను ఎప్పుడూ ఒకే వరసలో చేస్తాడు. అన్నీ అయ్యాక, ఎద్దును తట్టినట్టు బానెట్ మీద అరచేత్తో ఒకసారి తడతాడు.

అతనికి యాభై ఆరేళ్ళు. పొట్టి మనిషి, లావు మెడ, ముందుకు వంగిన భుజాలు. కుడి చూపుడువేలికి చివరి కణుపు లేదు. తాండూరులో బండలు పాలిష్ పట్టే మిషన్ కింద పోయింది. అక్కడ ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. నడుము పనికిరాకుండా పోయాక ఈ పాత జీపు కొనుక్కుని తాండూరుకూ పెద్దేముల్‌కూ మధ్య కూలీలను, పెళ్ళివాళ్ళను తిప్పుతున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

నెలకు రెండు ఆదివారాలు మాత్రం వేరు. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి నవీన్‌కుమార్ అనే ముప్పయ్యేళ్ళ మనిషి ఏడెనిమిది మందిని వెంటబెట్టుకుని రైలు దిగుతాడు. మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళు, ఆడవాళ్ళతో కలిసి బతికిన ఆడవాళ్ళు, హిజ్రాలు ఈ చుట్టుపక్కల ఎక్కడ కలుసుకున్నారో, ఎక్కడ కాపురాలు చేశారో ఆ చోట్లన్నీ తిప్పి చూపించి వాళ్ళ సంగతులు చెబుతాడు. అతను దాన్ని క్వీర్ చరిత్ర యాత్ర అంటాడు. పాండు 'నవీన్ సారు ట్రిప్పు' అంటాడు. ఆటోవాళ్ళు అడిగితే 'అనంతగిరి గుట్టలు చూడనీకి వచ్చిన్రు' అని చెబుతాడు.

రైలు వచ్చింది. నవీన్‌కుమార్ మెడకు ఎర్ర మఫ్లర్ చుట్టుకుని అందరికంటే ముందు బయటికి వచ్చాడు. ఎప్పటిలాగే పాండు భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"పాండన్నా, ఎప్పుడు ఆరు చోట్లే గదా. ఇయ్యాల ఏడో మజిలీ ఒకటి ఉంది."

"ఏడ సారు?"

"తాండూరుల. ఆడికి పోయినంక చెప్త. నీకు మస్తు మంచిగనిపిస్తది."

మొదటి మజిలీ స్టేషన్ ప్లాట్‌ఫారం చివరి బెంచీ. రెండోది క్రైస్తవుల సమాధుల తోట. గోరింట కంచె పక్కన ఒకదాన్నొకటి ఆనుకుని రెండు సమాధులున్నాయి. ఒకటి రాహేలమ్మ అనే నర్సుది, రెండోది నాగరాణి అనే దర్జీది. ఒకే గదిలో ముప్పై ఎనిమిదేళ్ళు ఉన్నారు. నాగరాణిది వేరే మతమైనా తనను రాహేలమ్మ పక్కనే పూడ్చాలని పట్టుబట్టింది. చివరికి పాస్టరు ఒప్పుకున్నాడు. నవీన్‌కుమార్ ఈ మాటలు గొంతు తగ్గించి, సమాధుల వైపే చూస్తూ చెబుతాడు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి నిలబడతారు.

పాండు గేటు దగ్గర నిలబడి వింటాడు. మాట మాటా అతనికి నోటికి వచ్చు. అయినా వింటాడు. ఎనిమిది నెలల కిందట మొదటిసారి విన్న రోజున అందరూ ఎక్కి కూర్చున్నా జీపు తీయడం మరిచి గేటు వైపే చూస్తూ ఉండిపోయాడు. అలాంటి బతుకులకు కథ ఉంటుందని, దాన్ని మర్యాదగా చెప్పేవాళ్ళుంటారని, వినడానికి రైలెక్కి వచ్చేవాళ్ళు కూడా ఉంటారని అన్నేళ్ళూ అతనికి తెలియదు.

అందుకే ఆగస్టులో నోరు జారాడు. కోట్‌పల్లి చెరువు దగ్గర వాన పట్టుకుంది. వచ్చినవాళ్ళంతా హోటల్లో కూర్చున్నారు. జీపులో అతనూ నవీన్‌కుమారూ మాత్రమే ఉన్నారు. అద్దాల మీద నీళ్ళు కారుతుంటే, ముందుకే చూస్తూ, జన్మలో మొదటిసారి పాండు తన సంగతి చెప్పుకున్నాడు. చెప్పడం అయ్యేసరికి వాన వెలిసింది. నవీన్‌కుమార్ కళ్ళు తడిశాయి.

"పేర్లు చెప్పకు సారు. మేమిద్దరం పోయినంక చెప్పుకో," అన్నాడు పాండు.

"మా అమ్మ తోడు, పాండన్నా," అన్నాడు నవీన్‌కుమార్.

ఆ రాత్రి పాండు ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాడు.

కోట్‌పల్లి దాటి, పెద్దేముల్ దాటి, కంది చేల మధ్య నుంచి జీపు తాండూరు చేరేసరికి పన్నెండున్నర. భోజనాలయ్యాయి. ఆరో మజిలీ మైసమ్మ అనే హిజ్రా గురువు కట్టుకున్న ఇల్లు. అది కూడా చూపించాక నవీన్‌కుమార్ ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఇంక పాత బండల మిషన్ కాడికి పోనీయ్యి."

పాండు అతని మొహం చూశాడు. బండలు చూపిస్తాడేమో అనుకున్నాడు. అలా అనుకోవాలని అనుకున్నాడు.

పాండు ఒకప్పుడు పనిచేసిన ఆ మిషన్ షెడ్డు మూతపడి ఆరేళ్ళయింది. పైరేకులు సగం ఎగిరిపోయాయి. ఎప్పటిదో పాలిష్ బురద ఆవరణంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. వచ్చినవాళ్ళు దిగి గుంపుగా నిలబడ్డారు. కరుణ అనే కాలేజీ అమ్మాయి ఫోను తీసి పట్టుకుంది. పాండు దిగలేదు. కిటికీలోంచి ప్రతి మాటా వినబడుతూనే ఉంది.

"ఇక్కడ ఇద్దరు మగవాళ్ళు పనిచేసేవారు," అని మొదలుపెట్టాడు నవీన్‌కుమార్. సమాధుల దగ్గర వాడే గొంతే. "మధ్యాహ్నం మిషన్ ఆగాక ఒకరి వీపు మీది రాతిబురద ఇంకొకరు కడిగేవారు. అందరూ కడుక్కునేవారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక రోజు వాళ్ళు ఒక బండ అడుగుభాగాన మేకుతో తమ పేర్లు గీశారు. ఆ తర్వాత అదొక అలవాటైంది. లారీకి ఎక్కించే ప్రతి లోడులో ఒక బండ. ఆ బండలన్నీ ఇళ్ళలో పరిచారు. పేర్లు కిందివైపు, సిమెంటులో ఉన్నాయి. మనలో ఎవరి ఇంట్లోనో వాళ్ళిద్దరూ ఉండే ఉంటారు. మనం వాళ్ళ మీద నడుస్తూ ఉండుంటాం."

ఎవరో 'అబ్బా' అన్నారు. పాండు స్టీరింగు చక్రం పట్టుకుని కూర్చున్నాడు. తన నోటి నుంచి ముక్కలు ముక్కలుగా వచ్చిన మాటలు ఇంత నున్నగా, పాలిష్ పట్టినట్టు వినబడుతుంటే అవి తనవేనా అనిపించింది.

"ఒకాయన పేరు నర్సప్ప," అన్నాడు నవీన్‌కుమార్. "ఇంకా ఉన్నారు. ఈ రోడ్డు వెనక గల్లీలోనే ఇల్లు. రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడై మంచంలో ఉన్నారు. రెండో ఆయన పేరు చెప్పనని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటాను." అని జీపు వైపు చూసి, ఎవరికీ తెలియకుండా చిన్నగా నవ్వాడు.

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆయన్ని కలవచ్చా?" అని అడిగింది కరుణ.

"ఈసారి కాదు. వచ్చే నెల ప్రయత్నిద్దాం."

తాండూరు స్టేషన్ దాకా జీపు రెండుసార్లు ఆగిపోయింది. అందరూ దిగి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాక, పాండు నవీన్‌కుమార్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎందుకట్ల చేసినవ్ సారు?"

"నీ పేరు చెప్పలేదు గదా అన్నా."

"వాని పేరు చెప్పినవు. నా పేరు చెప్పి వానిది దాస్తే నేనేమనకపోతుంటి. వాడు మంచంల ఉన్నడు. ఇల్లుంది, పెండ్లాముంది, కొడుకున్నడు."

నవీన్‌కుమార్ అతని చెయ్యి పట్టుకోబోయాడు. పాండు వెనక్కి తీసుకున్నాడు.

"పేరు లేకపోతే అది చరిత్ర ఎట్లయితది పాండన్నా? పేర్లు చెప్పకనే గదా మనోళ్ళు అసలు లేనట్టే అయిపోయిన్రు. సిగ్గుపడేటి పని మీరేం చేసిన్రు?"

సిగ్గు పాండుకు ఎన్నడూ లేదు. ఉన్నది వేరే ఏదో. దానికి మాట వెతుక్కుంటూ నిలబడ్డాడు.

"మీ అమ్మ తోడన్నవు," అన్నాడు చివరికి.

నవీన్‌కుమార్ తల వంచుకున్నాడు. అంతలోనే, దాచినా లాభం లేదనుకున్నట్టు, "నిన్న పొద్దుగాల నర్సప్ప సంగతి మీద చిన్న వీడియో కూడ పెట్టినం అన్నా. మస్తు మంది చూసిన్రు. అందరు మంచిగనే రాసిన్రు," అన్నాడు.

రైలు వస్తున్నట్టు మైకులో చెప్పారు. పాండు మిగతా మాటలు వినలేదు.

ట్రిప్పు అయ్యాక ప్రతిసారీ అతను నర్సప్ప ఇంటికే వెళ్తాడు. ట్రిప్పు లేని ఆదివారాలు కూడా వెళ్తాడు. మంచం పక్కన అరగంట కూర్చుంటాడు. పెద్దగా మాటలుండవు. నర్సప్పకు దగ్గు తెర వచ్చినప్పుడు లేపి కూర్చోబెట్టి వీపు నిమురుతాడు. గల్లీవాళ్ళకు అతను నర్సప్పతో కలిసి పనిచేసిన మనిషి, పాతకాలపు దోస్తు. అంతే.

ఈ రోజు గేటు గొళ్ళెం పెట్టి ఉంది. లోపల నర్సప్ప కొడుకు మల్లేశ్వర్ నిలబడి ఉన్నాడు. పాండు ఎత్తుకుని తిప్పిన పిల్లవాడే. ఇప్పుడు చెంపల దగ్గర వెంట్రుకలు నెరుస్తున్నాయి. ఇన్నేళ్ళూ కాకా అని పిలిచిన నోటితో "ఏమయ్యా," అన్నాడు.

"మల్లేశా, ఒక్కసారి చూసి పోత."

"ఏం చూస్తవు? మా నాయిన పేరు అందరి ఫోన్లల్ల తిరుగుతుంది. డ్యూటీ కాడ నలుగురు నా మొహం మీదనే పెట్టి చూపెట్టిన్రు. నేనెట్ల పోవాలె రేపు?"

లోపలి నుంచి దగ్గు వినబడింది. పొడి దగ్గు, మధ్యలో ఈలలాంటి చప్పుడు. పాండు ఆ దగ్గు వైపే చూస్తూ గేటు పట్టుకున్నాడు.

"నాయిన చూసిండా?"

"చూసిండు. నేనే చూపిచ్చిన. అబద్ధమంటడనుకున్న." మల్లేశ్వర్ ఇంటి వైపు చూశాడు. "అనలే."

అతను లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి నర్సప్ప భార్య హన్మమ్మ వచ్చింది. సన్నటి మనిషి, చేతులకు మట్టిగాజులు. ఒక చేతిలో ఛాయ్ గ్లాసు. గ్లాసును గేటు పక్క గోడ మీద పెట్టి, దాని మీద సాసరు మూసింది. గొళ్ళెం మాత్రం తీయలేదు.

"వదినె," అన్నాడు పాండు.

"నాకెరుక లేదనుకుంటివా పాండూ?" ఆమె గొంతు పెంచలేదు. "లగ్గమైన రెండో ఏడే ఎరుక. ముప్పయ్యేండ్లు ఎవరితోని అనలే. మా తల్లిగారింట్ల సుత అనలే. వచ్చిన ప్రతిసారి నీకు కుర్చీ వేసిన, ఛాయ్ పోసిన. నా మొగడు నా ముంగటున్నడు, పోరగాడు పెద్దగైతుండు, ఇంట్ల మాట ఇంట్లున్నదని ఊకున్న. నువ్వు జీపెక్కినోళ్ళకు చెప్పుకుంటివి."

"ఒక్కరికన్న చెప్పుకోవాలనిపించింది వదినె. కడుపుల పెట్టుకొని పెట్టుకొని..."

"నాకు చెప్పుకోకపోతివా?"

ఇన్నేళ్ళలో ఆ తలుపు ఒకటి ఉందని కూడా పాండుకు తోచలేదు. ఆమెను మోసం చేస్తున్నానని ఎన్నోసార్లు బాధపడ్డాడు. ఆమెకు తెలుసని, తెలిసే కుర్చీ వేస్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"వాడేమన్నడు?" అని అడిగాడు.

హన్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏమంటడు. 'పాండు ఎందుకు చెప్పిండే' అన్నడు. ఒక్కటే మాట. మళ్ళ గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. పొద్దటిసంది నీళ్ళు తాగుమంటె తాగుతలేడు."

"నన్ను జర లోపలికి రానీయ్యి. నేను చెప్పుకుంట. పేరు చెప్పొద్దన్న అని చెప్త."

ఆమె చెయ్యి గొళ్ళెం దాకా వెళ్ళింది. లోపల మల్లేశ్వర్ "అమ్మా," అని పిలిచాడు. అది మామూలు పిలుపు కాదు. హన్మమ్మ వెనుదిరిగింది.

పాండు గేటు ఇవతలే నిలబడ్డాడు. దగ్గు వినబడటం లేదని అతనికి కొంచెం ఆలస్యంగా తెలిసింది. ఎదురింటి డాబా మీద ఎవరో మిరపకాయలు ఎత్తుతున్నారు. గల్లీ చివర కుళాయి దగ్గర బిందె నిండి పొర్లుతోంది. అతను ఊపిరి బిగబట్టి ఇంకో దగ్గు కోసం చూశాడు. ఈల లాంటి ఆ చప్పుడు కోసమైనా చూశాడు. ఆ తర్వాత హన్మమ్మ ఏడుపు బయటికి వచ్చింది.

పది నిమిషాల్లో గల్లీ నిండింది. గొళ్ళెం ఎవరు తీశారో, గేటు బార్లా తెరుచుకుంది. జనం లోపలికి వెళ్తున్నారు, వస్తున్నారు. కొందరు పక్కకు జరిగి గుసగుసలాడుతున్నారు. ఆ గుసగుసల్లో నర్సప్ప పేరుతోపాటు బండల మిషన్ పేరూ వినబడింది. ఇప్పుడు పాండును ఎవరూ ఆపేవాళ్ళు లేరు. నాలుగడుగులు వేస్తే గుమ్మం. కానీ గోడ వైపు తిరిగి పడుకున్న ఆ మొహం తనవైపు తిరగదు. చెప్పుకుంటానన్నది వినేవాడు లేడు. పైగా తను లోపలికి అడుగుపెడితే జనం కళ్ళన్నీ శవం మీది నుంచి తన మీదికి, తన మీది నుంచి హన్మమ్మ మీదికి తిరుగుతాయి. అతను కదలలేదు.

గంట దాటాక పెద్దేముల్ నుంచి వచ్చిన చుట్టం, ఒక ముసలాయన, ఆటో దిగి గేటు దగ్గర అతన్ని చూసి ఆగాడు.

"నువ్వేమైతవయ్యా నర్సప్పకు?"

పాండు గేటు ముందు నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"కలిసి పనిచేసినం," అన్నాడు.

ముసలాయన తలాడించి లోపలికి పోయాడు. పాండు మఫ్లర్‌తో చెవులు కప్పుకుని, ఎవరికీ అడ్డం రాకుండా గోడవారగా నడిచి, జీపు దగ్గరకు వెళ్ళాడు. జేబులో ఫోను మోగుతూ ఉంది. నవీన్‌కుమార్ పేరు వెలిగి ఆరింది. అతను ఫోను ఆపేసి, జీపును నెట్టినంత నెమ్మదిగా గల్లీ దాటించి, బషీరాబాద్ రోడ్డు వైపు తిప్పాడు. ఆ తర్వాతి ఆదివారం గానీ, ఆ పై ఆదివారం గానీ వికారాబాద్ స్టేషన్ ముందు ఆ జీపు ఎవరికీ కనబడలేదు.

ఇంటి ముందు నీళ్ళు కాచడానికి మూడు రాళ్ళు పెట్టారు. అరుగు మీది సామాన్లన్నీ తీసి చోటు చేశారు. గేటు పక్క గోడ మీది ఛాయ్ గ్లాసును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. సాసరు మూత కింద అది నిండుగా అలాగే ఉంది, పైన మీగడ ముడతలు పడి.