పట్టాల వెంట పుష్పక్

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మత్తయ్య, నిరోషా వికారాబాద్ స్టేషన్ ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం తూర్పు కొసన చివరి బెంచీ మీద కూర్చున్నారు. వాళ్లు రైలెక్కడానికి రాలేదు. విమానం చూడడానికి వచ్చారు.

మత్తయ్యకు డెబ్బై ఏళ్లు. తాండూరు బస్టాండ్ వెనక ఆయనకు దర్జీ దుకాణం ఉంది. నిరోషా ఆయన బిడ్డ, వికారాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. తండ్రి తాండూరు నుంచి బండిలో వచ్చాడు. ఆమె సెలవు పెట్టి వచ్చింది. ఈ విమానం కోసం ఆమె పెట్టిన సెలవుల్లో ఇది మూడోది. మొదటిసారి సెలవు చీటీలో "విమాన ప్రదర్శన" అని రాసింది. రెండోసారి "సొంత పని" అని రాసింది. ఈసారి "జ్వరం" అని రాసింది.

ప్లాట్‌ఫారం మీద చాయ్ అమ్మే పాండురంగం రెండు కప్పులు తెచ్చి ఇచ్చాడు.

"ఏ బండికమ్మా? గా కొసకు కూసుంటే డబ్బాలు అందవు. జర ఇటు జరుగుండ్రి."

"బండి కాదన్నా. విమానం చూస్తందుకు వచ్చినం."

పాండురంగం ఆమెను చూశాడు, ముసలాయనను చూశాడు. "విమానానికి టేషన్ల కూసున్నరా? ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తదట?"

"ఒకటో నంబర్ మీదికే," అన్నాడు మత్తయ్య, తూర్పు వైపు నుంచి చూపు తిప్పకుండా. "లేటు గూడ లేదు."

విమానం పేరు పుష్పక్. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. యాభై ఏళ్ల కింద ఫ్లయింగ్ క్లబ్బుల్లో పిల్లలు దాని మీదే నడపడం నేర్చుకునేవాళ్లు. దాని రెక్కలకు రేకు ఉండదు, బట్ట ఉంటుంది. చట్రం మీద బట్ట కప్పి, కుట్టి, పైన డోపు అనే వార్నిష్ పూస్తారు. ఆరేకొద్దీ బట్ట బిగుస్తుంది. మత్తయ్య ఇరవై రెండో ఏట హైదరాబాద్‌లో ఒక క్లబ్బులో చేరి తొమ్మిదేళ్లు ఆ బట్ట కుట్టాడు. క్లబ్బు రేకు విమానాలు తెచ్చుకున్నాక తాండూరుకు వచ్చి స్కూలు యూనిఫారాలు కుట్టుకున్నాడు.

మూడేళ్ల కింద మహిధర్ అనే అతను దుకాణం వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్లది పూడూరు, భూములున్న ఇల్లు. అతను నగరంలో పైలట్ ఉద్యోగం చేస్తాడు. తుక్కు కింద పోబోతున్న ఒక పుష్పక్‌ను కొని, పూడూరులో తమ కందుల గోదాములో పెట్టాడు. ఇంజన్ బాగుచేసేవాళ్లు దొరికారు. బట్ట కుట్టేవాళ్లు దొరకలేదు.

"నువ్వొక్కనివే మిగిలినవని పాత క్లబ్బోళ్లు చెప్పిన్రు తాతా," అన్నాడు మహిధర్.

"కండ్లు సక్కగ లేవు పటేలా."

"పటేలు గిటేలు వద్దు తాతా. చేతులున్నయి గద."

కళ్ల సంగతి మత్తయ్య మర్యాదకు అన్న మాట కాదు. ఆయనకు గ్లాకోమా. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంటికి ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఉన్నది కనిపించదు. ఆ కనిపించే జాగా ఏటేటా తగ్గుతోందని, తగ్గింది తిరిగి రాదని డాక్టర్ చెప్పాడు. ఆ మాట విన్నాకే మత్తయ్య పనికి ఒప్పుకున్నాడు. కూలి మాట్లాడుకోలేదు. ఒకటే అడిగాడు.

"తొమ్మిదేండ్లు కుట్టిన. షెడ్డుల కుట్టుడు, ఇంటికి వచ్చుడు. నేను కుట్టిన రెక్క మీద లేస్తుంటే నిలవడి చూడలే ఒక్కనాడు. గిదన్న చూపిస్తవా?"

"నీకు చూపియ్యకుంటే ఇంకెవ్వలకు చూపిస్త తాతా?"

రెక్క కుట్టడం ఒక్కరి పని కాదు. రెక్కను అంచు మీద నిలబెడతారు. ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుంటారు. సూది జానెడున్నర ఉంటుంది. ఇటువాళ్లు పొడిచిన సూదిని అటువాళ్లు అందుకుని, లోపలి కర్ర చుట్టూ తిప్పి వెనక్కి పంపాలి. రెండు వేళ్ల ఎడానికి ఒక ముడి వేయాలి. అటువైపు కూర్చోవడానికి మత్తయ్య ఇంకెవరినీ ఒప్పుకోలేదు. నిరోషా పదిహేడు ఆదివారాలు చర్చి మానుకుని పూడూరు గోదాములో కూర్చుంది. తండ్రి మొహం కనిపించేది కాదు. బట్ట అవతలి నుంచి మాట వినిపించేది.

"గుంజినవా?"

"గుంజిన."

"ఇంక గుంజు. గీడ వదులైతే మీద పటపట కొట్టుకుంటది."

కుట్టు అయ్యాక విమానాన్ని లారీలో బేగంపేటకు చేర్చారు. అది మొదటిసారి లేస్తున్న సంగతి మత్తయ్యకు ముందు తెలియదు. అనుమతి పొద్దున వచ్చింది, గాలి బాగుందని మహిధర్ అప్పటికప్పుడు లేపాడు. సాయంత్రం ఫోన్‌కు వీడియో పంపాడు. మత్తయ్య ఫోన్‌ను కంటి దగ్గర పెట్టుకుని చూసి, "దోమనా గిది?" అని బిడ్డకు ఇచ్చేశాడు.

తర్వాత నగరంలో ఒక విమాన ప్రదర్శన జరిగింది. పాత విమానాలు ఎగురుతాయని కరపత్రంలో వేశారు. తండ్రీబిడ్డలు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎండలో నిలబడ్డారు. సాంకేతిక కారణాల వల్ల పుష్పక్ ఎగరడం లేదని మైకులో చెప్పారు. మరుసటి ఏడు ఇంకో ప్రదర్శన. ఆసారి గాలి ఎక్కువుందన్నారు. విమానాన్ని నిలబెట్టి చుట్టూ తాడు కట్టారు. మత్తయ్య తాడు కింద నుంచి వంగి రెక్క మీద వేలు పెట్టబోతే కాపలా మనిషి వచ్చి, "ముట్టుకోవద్దు పెద్దాయనా, పాత సామాను," అన్నాడు. మత్తయ్య చెయ్యి తీసేశాడు. నేను కుట్టిందే అని చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు రైలులో నిరోషా ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే ఏం జేస్తడు, ఎగిరిస్తడా?" అన్నాడు.

ఈసారి ప్రదర్శన బీదర్‌లో. శని, ఆదివారాలు. శుక్రవారం పొద్దున బేగంపేట నుంచి విమానాన్ని బీదర్‌కు తీసుకుపోతున్నానని మహిధర్ చెప్పాడు. మత్తయ్య రెండు రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. ప్రదర్శనకు పోకూడదు. అక్కడ ఎగరకపోవడానికి నూరు కారణాలుంటాయి. కానీ బీదర్‌కు చేరాలంటే మాత్రం ఎగరక తప్పదు. దారిలో చూడాలి.

దారి ఆయనకు తెలుసు. క్లబ్బు రోజుల్లో పైలట్లు కింద రైలు పట్టాలు చూసుకుంటూ పోయేవాళ్లు. శంకర్‌పల్లి మీదుగా వికారాబాద్ దాకా వస్తారు. అక్కడ పట్టాలు రెండుగా చీలుతాయి. ఎడమకు పోతే తాండూరు, కుడికి పోతే బీదర్. పైగా ఆయన కంటికి పట్టాలు ఒక ఆసరా. ఆకాశమంతా వెతకలేడు. పట్టాలు పోయే వైపు కన్ను నిలిపి కూర్చుంటే విమానం తానే వచ్చి చూపులో పడుతుంది.

"ఓసారి ఫోన్ జేసి అడుగుదామా నాయినా, ఎటు నుంచి వస్తడో?" అంది నిరోషా ముందురోజు.

"అడిగేదేమున్నది? బీదర్ పోవాలంటే వికారాబాద్‌ల కుడికి మలుగుడే. నాకు చెప్తవా?"

ఆమెకు కూడా అందులో తప్పు కనిపించలేదు. వికారాబాద్‌లో ఉండేవాళ్లకు బీదర్ అంటే ఆ పట్టాలే.

తొమ్మిదైంది. ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. నిరోషా పేపరు మడిచి తండ్రి నుదుటికి అడ్డం పట్టింది. చెయ్యి నొప్పి పుడితే రెండో చేతికి మార్చింది. రెండు ప్యాసింజర్లు, ఒక సిమెంటు గూడ్సు పోయాయి. తొమ్మిదిన్నరకు జెట్ విమానాలు మూడు చప్పుడు చేసుకుంటూ దాటాయి. ప్లాట్‌ఫారం మీద జనం తలలెత్తారు. మత్తయ్య ఎత్తలేదు.

"గవి కావు. గవి రోజు పోతయి."

పాండురంగం రెండోసారి చాయ్ తెచ్చాడు. "కాకా, మీ విమానానికి సిగ్నల్ దొరకలేదేమో. అవుటర్ల ఆపిన్రు."

మత్తయ్య కప్పు తీసుకుని పక్కన పెట్టాడు.

పదిన్నరకు నిరోషా మహిధర్‌కు ఫోన్ చేసింది. అతను వెంటనే ఎత్తాడు. వెనక మనుషుల గోల వినిపిస్తోంది.

"చెప్పక్కా. మేం ఎప్పుడో దిగినం. ఎనిమిదీ ఇరవైకే బీదర్‌ల ఉన్నం."

"ఎటు నుంచి పోయిన్రు?"

"సీదా. సంగారెడ్డి మీదికెంచి. ఎందుకక్కా?"

"మేం వికారాబాద్ టేషన్ల కూసున్నం. నాయిన పట్టాలెంబడి వస్తరన్నడు."

"అరె. పట్టాలు చూసి ఎవలు పోతరక్కా ఇప్పుడు? ట్యాబ్‌ల గీత గీస్కుని పోవుడే. ఒక్క మాట అడిగితే అయిపోతుండె గద. తాతకు ఇయ్యి."

ఆమె ఫోన్ తండ్రి చెవి దగ్గర పెట్టింది. అటు నుంచి మహిధర్ చాలాసేపు మాట్లాడాడు. రేపు రమ్మని, పాసులు పంపిస్తానని అంటున్నాడు. మత్తయ్య విని, "బట్ట చప్పుడు జేసిందా?" అని అడిగాడు.

"లే తాతా. ఎక్కడ కదల్లే."

"సరే పటేలా." ఫోన్ బిడ్డకు ఇచ్చాడు.

తాండూరు బండి పన్నెండుకు వచ్చింది. నిరోషా ఆయనను కిటికీ పక్కన కూర్చోబెట్టి కిందికి దిగింది. బండి కదిలేముందు మత్తయ్య ఆమె నిలబడ్డ వైపు మొహం తిప్పాడు.

"ఇగ గీ విమానం ముచ్చట నా దగ్గర తేకు బిడ్డా. వస్తదని చెప్పకు, పోతదని చెప్పకు. ఎదురుచూస్తందుకు గూడ ఓపిక గావాలె. అయిపోయింది నాకు."

"మంచిది నాయినా."

ఆమె ఇంటికి పోయి పడుకుంది. జ్వరమని రాసింది కాబట్టి బయట తిరగడానికి లేదు.

ఆదివారం సాయంత్రం మహిధర్ ఫోన్ చేశాడు. శనివారం పది నిమిషాలు ఎగిరిందని, ఆదివారం గాలి వల్ల వద్దన్నారని చెప్పాడు. "రేపు పొద్దున వాపస్ తెస్తున్న అక్కా. పట్టాలెంబడే వస్త. మర్పల్లి మీదికెంచి వికారాబాద్ వచ్చి, టేషన్ మీద మలిగి శంకర్‌పల్లి దిక్కు పోత. ఏడూ పది, ఏడుంబావు. తాతను తోల్కరా."

"పక్కానా?"

"గాలి మంచిగుంటే పక్కా."

గాలి మంచిగుంటే అనే మాట ఆమె అంతకుముందు విన్నది. ఫోన్ పెట్టేశాక తండ్రి నంబరు తీసింది. ఆయన పొద్దున లేచి, అంగీ మార్చుకుని, స్టేషన్ దాకా ఆటోలో వచ్చి, బండెక్కి, ఇక్కడ దిగి, మళ్లీ ఆ బెంచీ మీద కూర్చోవడం ఆమె కళ్లకు కట్టింది. ఆ తర్వాత విమానం రాకపోవడం కూడా కట్టింది. చెప్పొద్దని ఆయనే అన్నాడు. నంబరు నొక్కలేదు.

సోమవారం ఆమెకు ఎనిమిదింటికి డ్యూటీ. ఏడింటికి తయారై స్టేషన్‌కు పోయి, పాదచారుల వంతెన ఎక్కింది. రాదనుకునే పోయింది. అది రాకపోతే, తండ్రికి చెప్పకపోవడం మంచిదైందని తేల్చుకుని డ్యూటీకి పోదామనుకుంది.

ఏడూ పన్నెండుకు చప్పుడు వినిపించింది. జెట్ చప్పుడు కాదు, నీళ్ల మోటారు చప్పుడు. మర్పల్లి వైపు పట్టాల మీద ఒక చుక్క కనిపించింది. ఆ చుక్కకు రెక్కలు వచ్చాయి. వంతెన మీద నుంచి లోపల మనిషి తల కనిపించేంత కిందుగా వచ్చింది. స్టేషన్ మీద వంగి తూర్పుకు తిరిగింది. తిరిగేటప్పుడు రెక్క అడుగుభాగం ఆమె వైపు తేలింది. అది ఆమె కూర్చుని సూది అందుకున్న వైపు. బట్ట ఎక్కడా కదలడం లేదు. విమానం శంకర్‌పల్లి పట్టాల మీదుగా పోయింది. వచ్చినప్పటి నుంచి పోయేదాకా రెండు నిమిషాలు పట్టింది.

కింద చాయ్ బండి దగ్గర నుంచి పాండురంగం అరిచాడు. "అమ్మా! వచ్చిపాయె గద మీ విమానం! ముసలాయన ఏడి?"

ఆమె చెయ్యి ఊపి వంతెన మెట్ల మీద కూర్చుంది. చెప్పకుండా ఉండొచ్చు. మహిధర్ ఎప్పుడో ఒకప్పుడు చెప్తాడు. ఆమె ఫోన్ చేసింది. తాండూరులో మత్తయ్య అప్పుడే దుకాణం షట్టరు ఎత్తుతున్నాడు.

"నాయినా, విమానం వచ్చిపోయింది. పట్టాలెంబడే."

షట్టరు చప్పుడు ఆగింది.

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"కుట్టు?"

"మంచిగుంది. జర గూడ కదల్లే."

"ఎన్ని గంటలకు?"

"ఏడూ పన్నెండుకు."

"నీకు ముందుగల్ల తెల్సా?"

"నిన్న సాయంత్రం చెప్పిండు. రాదనుకున్న నాయినా. నువ్వే చెప్పొద్దంటివి."

"అంటి."

వంతెన కింది నుంచి ఒక గూడ్సు పోయింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.

"ఆరింటికి బండి ఉండె బిడ్డా," అన్నాడు మత్తయ్య. "ఏడు గాకముందే గాడ దింపుతుండె."

ఎనిమిదికి ఇరవై నిమిషాలుంది.

"డ్యూటీకి పో," అన్నాడాయన. షట్టరు మిగతా సగం ఎత్తిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది.