బంగార్రాజు రేవుకి తిరిగి రాలేదు

రెండువేల రెండు మార్చిలో గుడివాడ బస్సు దిగినప్పుడు లక్ష్మయ్య చేతిలో ఉన్నవి ఎండు నెత్తళ్ళ పొట్లం, ఉతికిన లుంగీ. అంతకంటే బరువైనది ఇంకొకటుంది. ఏడాది కిందట ఇక్కడి ప్రైవేటు పిచ్చాసుపత్రి కాగితం మీద తాను పెట్టిన సంతకం.

మేనల్లుడు బంగార్రాజుకి ఇరవై నాలుగేళ్ళు. పుట్టినప్పటి నుంచీ మాట లేదు. అయితేనేం, లక్ష్మయ్య ఎండుచేపల షెడ్డులో వాడు పేర్చిన నెత్తళ్ళ తలలన్నీ ఒకే వైపు చూసేవి. ఒకనాడు బేరగాడొకడు ఆ వరస చెరిపితే బంగార్రాజు అతని చెయ్యి కొరికాడు. బేరాలు పోతాయని జడిసిన లక్ష్మయ్య, "రెండు నెలలుంటే నెమ్మదిస్తాడే అక్కా" అని వాడి తల్లి ముత్యాలమ్మని ఒప్పించి తానే చేర్పించాడు.

ఇప్పుడు వాడి కాలు మంచానికి కట్టేసి ఉంది. తాడు కింద పుండు పడింది. పొట్లం విప్పి చేతిలో పెడితే వేళ్ళు వణికి చేపలు జారిపోయాయి. వాడు వాటి వంకైనా చూడలేదు.

"జబ్బు తగ్గందే ఎలా పంపనండీ?" అన్నాడు డాక్టరు కాంతారావు.

"జబ్బు కాదండీ బాబూ. వాడు పుట్టడమే అలా పుట్టాడు."

"అయితే ఇక్కడే ఉంటాడు. చేర్చింది మీరేగా?"

పుట్టుకకి మందు లేదు. మందు పనిచేస్తే తప్ప తలుపు తెరవరు. కాటా మోసాలన్నీ తెలిసిన లక్ష్మయ్యకి ఇలాంటి మోసం ఎదురవడం ఇదే మొదలు.

బందరు పక్కన వాళ్ళ రేవులో ఊరు కూడింది. సముద్రంలో మనిషి తప్పిపోతే, దొరికేదాకా ఎవరూ వేటకి వెళ్ళకూడదు. ఆ ఊరి కట్టుబాటు అది.

"నా కొడుకు సముద్రంలో తప్పిపోతే వెతికేవోళ్ళేగా! గుడివాడలో తప్పిపోతే మనిషి కాడా?" అంది ముత్యాలమ్మ.

"పిచ్చోడి కోసం పడవలు ఆపితే పొయ్యి మీద ఏం పెడతావే? ఇసకా?" అన్నాడు కులపెద్ద యలమంద. కొందరు నవ్వారు.

"నువ్వు తప్పిపోయినప్పుడు మూడ్రోజులు వెతికింది నా మొగుడు, మావా. ఇసక తిన్నామో, ఏం తిన్నామో అడిగావా?"

నవ్వులు ఆగిపోయాయి. లక్ష్మయ్య లేచాడు. వేట లేకపోతే ముందు మునిగేది తానే.

"సంతకం పెట్టింది నేను. రేపట్నించి నా షెడ్డు మూత. ఎవరు చేప తెచ్చినా కొనను."

మర్నాడు చేపల లారీలు మనుషుల్ని ఎక్కించుకున్నాయి. పామర్రు దాటి గుడివాడ చేరి, యలమందతో సహా అందరూ ఆసుపత్రి గేటుకి అడ్డంగా కూర్చున్నారు. రెండోరోజు ఘంటసాల రైతు గోవర్ధనరావు మడత నలగని తెల్లచొక్కాతో వచ్చి, వాళ్ళ పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు.

"మీవాడు కాక ఇంకా పద్నాలుగు మందున్నారండీ, మా అమ్మాయి అమ్మాజీ కూడా లోపలే. ఎనిమిదేళ్ళయింది. ఊళ్ళో అడిగితే బెంగుళూరులో చదువుతోందని చెబుతున్నాం."

ముత్యాలమ్మ జరిగి ఆయనకి గోనెపట్టాలో చోటిచ్చింది.

మూడోరోజు లోపల్నించి అరుపు వినబడింది. "నా బిడ్డే!" అని తల్లి లేచింది. లక్ష్మయ్య రాయి అందుకుని గేటు తాళం పగలగొట్టాడు. ముత్యాలమ్మ తాడు విప్పి కొడుకుని వీపున మోసుకుని బయటపడింది. మిగతా గదులు తెరిచేలోపే పోలీసు లాఠీలు దిగాయి. లక్ష్మయ్యని జీపెక్కించారు.

నెత్తురు తుడుచుకుంటూ అతను లెక్క చూసుకున్నాడు. షెడ్డు ఖాళీ. తాను పోగొట్టిన మనిషి బయటికొచ్చాడు, కానీ ఆ చేతులు మళ్ళీ చేపలు పేరుస్తాయో లేదో. అమ్మాజీతో కలిపి పద్నాలుగు మంది ఇంకా లోపలే.

"దొరికాడుగా, పెద్దాయనా. రేపు పడవలు దించుదామా?" జనంలోంచి ఎవరో అడిగారు.

యలమంద తలపాగా విప్పి గేటు ముందు పరుచుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"పద్నాలుగు మంది రాలేదు కదరా. దించకండి."