పిడుగు కడియం

పొయ్యి మీద మరుగుతున్న గిన్నెను ఒట్టి చేతుల్తో దించాను. బల్ల దగ్గర కూర్చున్న మా ఆయన నవ్వి, "మనింట్లో మసిగుడ్డల ఖర్చు లేదు" అన్నాడు. ఏళ్ళ తరబడి అదే జోకు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని, నా మొహం మండ.

మా ఇల్లు గుట్ట మీద ఒంటరిగా ఉంది. పిడుగులకు అదంటే మహా ఇష్టం. కానీ ఇంటి ఆడదాని చేతికి ఈ ఇనుప కడియం ఉన్నంతకాలం ఒక్కటీ ఇంటి మీద పడదు, పక్కకు తప్పుకుపోతుంది. పోతూపోతూ తొడుక్కున్నదాని చేతుల్లోంచి కాస్త స్పర్శ పట్టుకుపోతుంది. అత్తయ్య చేతులు మోచేతుల దాకా మొద్దుబారాక కడియం నాకు వచ్చింది. చన్నీళ్ళో వేన్నీళ్ళో తెలియడం లేదని ఆయనతో ఎన్నిసార్లు మొత్తుకున్నానో. "అంతా నీ భ్రమ. గిన్నెలు తోమీ తోమీ చేతులు మొరటెక్కాయి, అంతే" అనేవాడు. నమ్మాను కూడా. కట్టుకున్నవాడు అబద్ధం ఎందుకాడతాడనుకున్నాను.

నిన్న పొద్దున పాప నలతగా ఉందంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఏం లేదు పొమ్మని బడికి పంపాను. మధ్యాహ్నం టీచరమ్మే ఎత్తుకొచ్చింది. "ఒళ్ళిలా కాలిపోతుంటే ఎలా పంపారండీ? ముట్టుకుని చూడలేదా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ సాయంత్రం మబ్బు పట్టింది. అత్తయ్య నా చేతుల్నీ, జ్వరం దిగి పడుకున్న పాప చేతుల్నీ మార్చి మార్చి చూసింది. "నీ పని అయిపోవచ్చింది. దీని చేతికి పడుతుందేమో చూడు" అంది.

కడియం తీసి ఆయన ముందు పెట్టాను.

"ఈసారి మీరు తొడుక్కోండి. భ్రమే కదా."

వాచీలు బాగుచేసే మనిషి. గబుక్కున రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కున్నాడు.

"పిచ్చా నీకు? వేళ్ళు పోతే నేను పనెలా చెయ్యాలి?"

తెలుసన్నమాట. మొదటినుంచీ తెలుసు.

దూరంగా ఉరిమింది. "ముందు తొడుక్కో, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు, గొంతు తగ్గించి. నేను పాపను లేపి చెప్పులు వేశాను. గుట్ట దిగితే మొదటి వీధిలోనే టీచరమ్మ ఇల్లు.

"మీరూ రండి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ లేవబోయింది. అప్పటికే కొడుకు కడియం తీసుకుని ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.