కచ్చాకుట్టు తెరచాప

తెరచాప కుట్టిపెట్టమని గుల్నాజ్ అడిగిన రోజే వహీదాకి కూతురి చావు కళ్లకు కట్టింది. ఆవిడ తీరే అంత. పిల్ల తుమ్మితే న్యుమోనియా, కాలేజీ బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే దెందులూరు దగ్గర హైవే మీద బోల్తా.

రెండువేల తొమ్మిదిలో, ఎవరో పదిహేడేళ్ల కుర్రాడు పడవలో ఒంటరిగా ప్రపంచం చుట్టి వచ్చాడని పేపర్లో పడింది. ఆ ముక్క కత్తిరించి ఫిజిక్సు పుస్తకంలో దాచుకుంది గుల్నాజ్. తనకి పదహారు.

"ముందు కొల్లేరు, అమ్మీ. ఈ ఒడ్డు నుంచి ఉప్పుటేరు దాకా ఒక్కదాన్నే. తర్వాత సముద్రం."

"ఈత రానిదానివి, నీకు సముద్రమా?"

"వచ్చు. నీకు చెప్పలేదంతే."

వద్దన్నందుకు పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఏలూరులో దర్జీ దుకాణం నడిపే ఆవిడ భర్త మొహిద్దీన్ కూతురి పక్షమే. "కొల్లేరంటే మొలలోతు నీళ్లు. సరదా తీరనీ" అన్నాడు.

అప్పుడు వహీదాకి పామూ చావని, కర్రా విరగని ఉపాయం తోచింది. పాత షామియానా గుడ్డ రెండు ముక్కలు తెచ్చి, మిషను ముందు కూర్చుని కచ్చాకుట్టుతో కలిపింది. కొలత చూసుకోవడానికి వేసి, తర్వాత ఒక్క లాగుతో ఊడదీసే కుట్టు అది. పైన పట్టీ మడిచి కనబడకుండా చేసింది. ఒడ్డున తెరచాప ఎత్తగానే గాలికి అది రెండుగా విడిపోతుంది. నలుగురూ నవ్వుతారు. పిల్ల ఏడుస్తూ ఇంటికొస్తుంది. ఏడుపైతే ఓదార్చుకోవచ్చు అనుకుంది.

దసరా సెలవుల్లో తల్లీకూతుళ్లు కొల్లేటి ఒడ్డుకు వెళ్లారు. మొహిద్దీన్ దగ్గర చొక్కాలు కుట్టించుకునే జీవరత్నం అక్కడ చేపలు పడతాడు. వేసవి సెలవుల్లో గుల్నాజ్‌కి గెడ వేసి దోనె నడపడం నేర్పింది అతనే. దోనె కూడా అతనిదే.

ఆ పొద్దున ఆకు కదల్లేదు. గుల్నాజ్ తెరచాపను చుట్టి దోనెలో పడేసి, గెడ అందుకుంది. "గాలి దారిలో తగులుతుందిలే" అని ఒడ్డును నెట్టేసింది. పిలవాలని వహీదా నోరు తెరిచింది. నలుగురి ముందు ఏమని చెప్పాలో తెలియక మూసుకుంది. దోనె గుర్రపుడెక్క దాటి, చుక్కంతై, మాయమైపోయింది.

పదిగంటలకి నైరుతి మూల నల్లబడింది. నీళ్ల మీద సన్నని ముడతలు లేచాయి.

"లోతెంత ఉంటుందండీ అటు?" అంది వహీదా.

"ఇక్కడ మొలలోతండీ. ఉప్పుటేరు మొదలయ్యే ఏటి మొగ దగ్గర రెండు నిలువులు. లాగుడు కూడా ఉంటుంది" అన్నాడు జీవరత్నం వల విదుల్చుతూ. "బెంగెందుకండీ, తెరచాప ఉందిగా. ఆ లాగుడు నుంచి దోనెని తప్పించేది అదే. మీ చేతి కుట్టు ఊడుతుందేంటండీ?"

వహీదా కూతురికి ఫోను చేసింది. స్విచాఫ్.

"ఊడుతుందండీ" అంది. "ఊడేలాగే కుట్టాను. వెళ్లకుండా చేద్దామని."

జీవరత్నం ఆవిడ మొహంలోకి చూడలేదు. వల అక్కడే పడేసి ఇంజను పడవ తాడు విప్పాడు. "ఎక్కండి" అన్నాడు.

దారంతా వహీదా దువా చదువుతూనే ఉంది. మాటలు తడబడుతున్నాయి. నీటి మీద తేలే ప్రతి పిచ్చిమొక్కా పిల్ల జుట్టులాగే కనబడింది.

ఏటి మొగకి కాస్త ఇవతల దోనె కనబడింది. తెరచాప నిలువునా చీలి, ఒక సగం నీళ్లలో ఈడుస్తోంది. గుల్నాజ్ పీకల్లోతు నీళ్లలో ఒక చేత్తో దోనె అంచు, ఒక చేత్తో తుంగదుబ్బు పట్టుకుని ఉంది. పెదవులు నల్లబడిపోయాయి. ఇద్దరూ కలిసి పైకి లాగారు. వహీదా కూతుర్ని తన పైటలో చుట్టేసింది.

"నాదే తప్పమ్మీ" అంది గుల్నాజ్, పళ్లు కొట్టుకుంటుండగా. "తాడు గట్టిగా లాగేశాను. కుట్టు తెగిపోయింది. నాకు చేతకాదు. ఇంకెప్పుడూ అడగను."

ఇదే కదా తాను కోరుకున్నది. ఊరుకుంటే చాలు. జీవరత్నం ఇంజను మీదికి వంగి, లేని పని చేసుకుంటున్నాడు.

"నువ్వు లాగడం వల్ల కాదు" అంది వహీదా. "అది కచ్చాకుట్టు. నేనే వేశాను."

గుల్నాజ్ తనకు చుట్టిన పైట విప్పి తల్లి ఒళ్లో పెట్టింది. దోనెలోని నీళ్లు రెండు చేతులతో తోడిపోసి, అందులోకి దిగి, చీలిన గుడ్డ ఊడదీసి అవతల పడేసింది.

"మీ గెడ ఇవ్వండి, బాబాయ్. నాది కొట్టుకుపోయింది."

"గాలి తగ్గలేదమ్మా" అన్నాడు జీవరత్నం.

"ఒడ్డు వారగా, దుబ్బులు పట్టుకుని వెళ్తాను. మీరు వెనక రావద్దు. వస్తే ఒక్కదాన్నే వెళ్లినట్టు కాదు."

జీవరత్నం వహీదా వైపు తిరిగాడు. "ఏం చేద్దామండీ? మీరు ఊఁ అంటే బలవంతంగానైనా ఎక్కించేస్తాను."

కూతురు తన వైపు చూస్తుందేమోనని వహీదా ఆగింది. చూడలేదు.

"గెడ ఇచ్చెయ్యండి" అంది.

దోనె ఏటి మొగ వైపు కదిలింది. ఒడ్డు వారగానే వెళ్తోందో లేదో అప్పుడే మొదలైన వాన మసకలో తెలియడం లేదు. ఇంజను పడవ ఉన్నచోటే ఊగుతోంది. వహీదా రెండు చేతులా దాని అంచు పట్టుకుని, కళ్లు ఆర్పకుండా అటే చూస్తూ కూర్చుంది.