అరుగు మీది ఎండ

“కడుపు నిండ ఎరువేస్తున్నవు, బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నవు, ఇంకేం గావాల్నట దీనికి?” అంది మా అత్త సత్తెమ్మ, నా గులాబీ చెట్టును ఎగాదిగా చూస్తూ. నేను పెరట్లో అంట్లు తోముతున్నాను. నవ్వొచ్చింది. ఇదే మాట కిందటి నెలలో మా ఆయన మధుకర్ నన్ను అడిగాడు. “తిండికి తక్కువనా, బట్టకు తక్కువనా, ఇంకేం గావాలె సుగుణా నీకు?”

నూనె డబ్బాను సగానికి కోయించి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి నాటిన కొమ్మ అది. మా పుట్టిల్లు గార్ల నుంచి వస్తుంటే మా అమ్మ తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. “మొగ్గేస్తే కబురు జెయ్యి బిడ్డా” అంది. పక్కింటి హన్మంత్ రెండంతస్తుల బంగ్లా లేపిన దగ్గర్నుంచీ మా పెరట్లోకి ఎండ చుట్టపుచూపుగా వచ్చి పోతోంది. చెట్టుకు కావలసింది ఎండ అని నాకు మొదట తట్టలేదు. ఆకలేమో అనుకున్నాను. మనకు తెలిసిన ప్రేమ అంతా కంచంలోనే కదా! మేక పెంట పెట్టాను, వాడేసిన టీ పొడి పెట్టాను, చివరికి పొలానికని తెచ్చిన యూరియా గుప్పెడు చల్లాను. ఆకుల అంచులు మాడిపోయాయి. ఎలాగో బతికింది గానీ, కొమ్మలన్నీ సన్నగా, పొడుగ్గా వెలుతురు వైపు మెడలు చాచి నిలబడ్డాయి. మొగ్గ మాత్రం లేదు. “ఉగాది సున్నాలప్పటికి పూయకుంటే డబ్బా అవతల పారేస్త” అన్నాడు మధుకర్. అతనలా అన్న రోజు నాకు అన్నం సహించలేదు. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ చెట్టొక్కటే.

ఎండంతా వీధి అరుగు మీద ఉంది. చీకటితోనే ఆ అరుగును అలికి ముగ్గేసేది నేనూ అత్తా. పొద్దెక్కాక అది మామ వెంకట్రాందీ, ఆయన కోసం వచ్చే పెద్దమనుషులదీ. ఆడవాళ్లు దాని మీద కూర్చోరు. ఈ నియమాన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, ఎవరూ తప్పనూ లేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో మధుకర్ ఆ అరుగు మీదే కూర్చుని జెండా కర్రలు చెక్కాడట. లాఠీ దెబ్బ తిన్న కథ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాడు. ఆ ఏడు కాలేజీలు మూతపడ్డాయి. మళ్లీ తెరవగానే వెళ్లి పరీక్షలు రాసి గుమాస్తా అయ్యాడు. నేనూ అప్పుడు వరంగల్‌లో పి.యు.సి. చదువుతున్నదాన్నే. “పిల్ల ఖాళీగనే ఉన్నది గద” అని ఆ సందులో నాకు పెళ్లి చేసేశారు. కాలేజీ తెరిచేసరికి నేను జనగామలో అంట్ల ముందున్నాను. మన రాష్ట్రం మనకు కావాలని ఊరేగింపులో గొంతు పోయేలా అరిచినదాన్ని, అరుగు మీద ఓ మూల కావాలని అడగడానికి నోరు పెగల్లేదు.

అందుకని దొంగచాటు పని మొదలుపెట్టాను. ఎండ పడగానే డబ్బా అరుగు మీద పెట్టడం, మామ గొంతు సవరించుకోగానే కొంగు కప్పుకుని లోపలికి మోసుకురావడం. తడిమట్టి డబ్బా తేలికా? నడుము పడిపోయేది. అయినా ఎండ తగిలిన వారాల్లోనే కొత్త చిగురు ఎర్రగా వచ్చింది. దాని కొసన చిన్న మొగ్గ. ఒకరోజు మామ తొందరపెడితే హడావిడిగా లోపలికి తెస్తుంటే దర్వాజకు తగిలి అది రాలిపోయింది. ఏడుపు ఆగలేదు. ఏమైందని మధుకర్ అడిగితే పొయ్యి పొగ అన్నాను.

రెండో మొగ్గ పుష్యమాసపు చలిలో వేసింది. దానికి ఎరుపు తొంగిచూసిన రోజే మామ స్నేహితుడు మహిపాల్, మరో ఇద్దరు పంచాయతీ సమితి ఎన్నికల మాటలతో అరుగెక్కారు. మామ గొంతు సవరించాడు. నేను బియ్యం చాటతోనే బయటికొచ్చాను.

“ఆ డబ్బా జర లోపల వెట్టు బిడ్డా, మనుషులు గూసుంటరు.”

“ఉండనియ్యుండ్రి మామా. కదిలిస్తే మొగ్గ రాలిపోతది.”

“ఏంది సుగుణా గిది? లోపలికి పో” అన్నాడు మధుకర్ పళ్ల బిగువున.

నేను లోపలికి పోతే నా వెనకే డబ్బా కూడా వస్తుందని నాకు తెలుసు. కొంగు సర్దుకుని, డబ్బా పక్కనే అరుగు మీద కూర్చున్నాను. చాట ఒళ్లో పెట్టుకుని రాళ్లేరడం మొదలుపెట్టాను. మహిపాల్ కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు. మామ బజారులోకి చూస్తూ ఉండిపోయాడు. నా వీపు మీద ఎండ పడుతోంది.

గడప దగ్గర అత్త కనిపించింది. చేతిలో చింతపండు గంప. ఇక తిట్లు తప్పవనుకుని తల దించుకున్నాను. ఆమె మామను చూసింది, మొగ్గను చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చి “జరుగు” అని నెమ్మదిగా కూర్చుంది. గంప పక్కన పెట్టి అరచేతిని అరుగు బండ మీద ఆనించింది. చాలాసేపు తీయలేదు.

“అలికి అలికి నా చేతులరిగినయి గాని సుగుణా, గీ అరుగు మీద ఎండ గింత ఎచ్చగ ఉంటదని నాకెన్నడు తెల్వకపాయె” అంది.