నీకూ వినిపించిందా

"అమ్మాయికి మళ్ళీ మొదలవుతుందేమోనండీ," గిన్నెలు కడుగుతూ పైకే అనేశాను.

"కష్టాలకి నువ్వే కబురు పెట్టి పిలుస్తావు," అన్నారు మా ఆయన పేపరు దించకుండానే.

నిజానికి అమ్మాయి నిక్షేపంలా ఉంది. మూడేళ్ళ కిందట, ఎవరూ లేని గదిలో ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకుని కూర్చున్న పిల్ల, ఇప్పుడు అచ్చాఫీసులో పుస్తకాలు కుడుతోంది. దాని జబ్బు పేరు స్కిజోఫ్రెనియా. ఆ పేరు నా నోటికి తిరగడానికే నెల పట్టింది. అప్పట్లో అంతా తల్లి పెంపకం అన్నారు మా అత్తగారు. పెంపకం కాదు, మెదడుకొచ్చే జబ్బు, మందులతో అదుపులో ఉంటుంది అని డాక్టరమ్మ చెప్పాక గానీ నేను తలెత్తుకోలేదు. మాత్రలు మానకపోయినా ఎప్పుడైనా ఓ గొంతు వినబడుతుంది దానికి. అప్పుడు చేతిలో పని ఆపి, "అమ్మా, నీకూ వినిపించిందా?" అని అడుగుతుంది. లేదని నేనంటే, సరేనని మళ్ళీ పనిలో పడుతుంది. తన చెవిని తనే నమ్మలేని మనిషి, ఇంకొకరి మాట ఊతగా పట్టుకుని రోజు నెగ్గుకురావడానికి ఎంత గుండె కావాలి. గాలికి తలుపు కొట్టుకుంటేనే ఉలిక్కిపడే నా కడుపున పుట్టి, దానికా గుండె ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు.

ఆ మధ్యాహ్నమే అత్తగారు పక్కగదిలో ఫోనులో ఎవరితోనో అన్నారు: "పిచ్చిదాన్ని ఇంట్లో పెట్టుకున్నాం, మా గడప ఎవరు తొక్కుతారమ్మా."

సెలవని నా పక్కనే కూర్చున్న అమ్మాయి నావైపు తిరిగి, ఎప్పటిలాగే అడిగింది.

పాతికేళ్ళుగా ఈ ఇంట్లో విన్నవన్నీ విననట్టు ఉండడమే నా ఉద్యోగం. ఆ అలవాటు కొద్దీ, "లేదే, ఎవరూ ఏమీ అనలేదు," అనేశాను.

మర్నాటి నుంచి అది పనికి వెళ్ళలేదు. ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినబడలేదు, జబ్బు తిరగబెట్టింది, మోతాదు పెంచమని డాక్టరమ్మని అడగాలి అంది. అన్నం కెలికి వదిలేసేది. అసలు సంగతి చెప్పేస్తానంటే, మా అమ్మతో గొడవ పెట్టకు అన్నారు మా ఆయన. నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. ఐదో రోజు అది ఆసుపత్రికి చెప్పులు వేసుకుంటుంటే ఇక నావల్ల కాలేదు.

"ఆ రోజు నాకూ వినిపించింది. అన్నది నానమ్మ. అబద్ధమాడింది నేను," అన్నాను, అత్తగారి ఎదుటే.

ఆవిడ మొహం తిప్పుకున్నారు. అమ్మాయి గోడకానుకుని, వేసుకున్న చెప్పు విప్పేసింది. అయిపోయింది, ఇక జన్మలో నా మాట నమ్మదు అనుకున్నాను. అది చెప్పులు రెండూ తీసి మూలన పెట్టింది.

"హమ్మయ్య," అంది. "జబ్బు కాదన్నమాట. నానమ్మే."