షాజాదీ వంతు

షాజాదీని పోలీసులు మిరపకాయల కుప్ప దగ్గర నుంచే తీసుకుపోయారు. ముప్పైమందిమి చూస్తుండగానే. చెప్పులు వేసుకుంటానని ఆమె అడిగింది. వేసుకోనివ్వలేదు. మేం లేచి నిలబడ్డాం. అంతకుమించి ఏం చెయ్యాలో మాలో ఒక్కరికీ తెలియలేదు.

ఆమె చేసిన నేరం చెబుతాను. చదువుకునే పిల్లలూ, కూలికి పోయే అక్కచెల్లెళ్లూ వినండి. టీవీలో మీరు విన్నది వేరు.

నల్లపాడు దాటాక రోడ్డు పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో మేం ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తాం. మా పేటవాళ్లం చర్చికి పోతాం, షాజాదీ వాళ్లు నమాజు చేస్తారు, వెంకటరావమ్మ వాళ్లు అంకమ్మను కొలుస్తారు. కుప్ప ముందు కూర్చున్నాక అందరి ముక్కులూ ఒకలాగే కారతాయి. కారం చేతులతో ఎవరి కన్ను వాళ్లు ముట్టుకోలేరు. అందుకని వారానికొకరు వంతు ప్రకారం కాయ ముట్టకుండా ఉంటారు. ఆ మనిషి కడిగిన చేతులతో తిరుగుతూ మా నోట్లో నీళ్లు పోస్తుంది, జారిన పైట సర్దుతుంది. కంట్లో కారం పడితే నీళ్లు కొట్టి, కొంగు ఉండచుట్టి, నోటితో ఆవిరి పట్టి కంటికి ఒత్తుతుంది. ఆమె వాటా పని మిగతావాళ్లం చేసేస్తాం.

ఎండకు రేకుల షెడ్డు వెయ్యమని, మరుగుదొడ్డి కట్టమని ఫిబ్రవరిలో రెండు రోజులు పని ఆపాం. మేస్త్రి శేషగిరి షెడ్డు వెయ్యలేదు. లారీ ఎక్కించి, తన ఖర్చుతో సినిమాకు తీసుకుపోయాడు. అందులో గడ్డపువాడొకడు ఆడపిల్లల ముఖం మీద ఊదుతాడు. అంతటితో ఆ పిల్ల కన్నవాళ్లనూ దేవుణ్ణీ మరిచిపోతుంది. హాలంతా ఈలలు, నినాదాలు. మావాళ్లు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, దాచను. పోయేటప్పుడు ఒకరి ఒళ్లో ఒకరం కూర్చున్న లారీలో, వచ్చేటప్పుడు షాజాదీ చుట్టూ జానెడు ఖాళీ మిగిలింది.

వారం తిరక్కుండా ఆమె వంతు వచ్చింది. వెంకటరావమ్మ కంట్లో మిరపగింజ పడింది. షాజాదీ కొంగుకు ఆవిరి పట్టి ఒత్తింది. గేటు దగ్గర నుంచి ఎవరో ఫోన్లో తీశారు. సాయంత్రానికి అది ఛానెల్లో వచ్చింది. నీళ్లు కొట్టడం లేదు, కొంగు ఒత్తడం లేదు. ఊదటం ఒక్కటే, నెమ్మదిగా, ఆ సినిమా పాట వెనక మోగుతుంటే.

మర్నాడు మైకు పట్టుకుని ఒకతను వచ్చాడు.

"ఆవిడ మీ ముఖం మీద ఊదిందా అమ్మా?"

"ఊదింది. ఊదకపోతే నా కన్ను పోయేదయ్యా," అంది వెంకటరావమ్మ.

టీవీలో మొదటి మాటే వచ్చింది. కింద ఎర్ర అక్షరాలు పరుగెత్తుతున్నాయి. నేను కూడబలుక్కుని చదివేలోపు పోయి, మళ్లీ వచ్చాయి. 'మిరపకుప్పల మాటున మతమార్పిడి.'

"నేను ఉన్నదే కదే చెప్పాను," అంది వెంకటరావమ్మ. ఉన్నది చెబితే చాలనుకోవడమే మేం చేసిన తప్పు.

ఆ మధ్యాహ్నమే షాజాదీని తీసుకుపోయారు. వెనకే అందరం స్టేషన్‌కు పోయాం.

"మేం ఎదురుగా ఉన్నాం సార్. కంట్లో గింజ పడితే తీసింది," అన్నాను.

"రాష్ట్రమంతా చూసిందమ్మా. మీరొక్కరే చూళ్లేదా?" అన్నాడు ఎస్సై.

కానిస్టేబుల్ వెంకటరావమ్మ ముందు కాగితం పెట్టి, వేలిముద్ర వెయ్యమన్నాడు. నేను తీసుకుని వేలు పెట్టి చదివాను. తనను బలవంతంగా మతం మార్చబోయారని ఆమే చెప్పినట్టు రాసుంది. వెంకటరావమ్మ బొటనవేలు పిడికిట్లో దాచుకుంది.

"నా కన్ను సంగతి నాకు తెలీదా సార్?"

"నీ వేలిముద్ర లేకపోయినా కేసు నడుస్తుంది."

నిజమే, నడిచింది. మర్నాడు షాజాదీని జైలుకు పంపారు.

ఆ రోజు మేం కుప్ప ముందు కూర్చోలేదు.

"ఏమే, దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు?" అన్నాడు శేషగిరి.

"కడిగిన చేతి మనిషి లేదు," అంది వెంకటరావమ్మ.

"ఎవత్తో ఒకత్తి కడుక్కోండి."

"షాజాదీ వంతు ఇంకా తీరలేదు. నడిమధ్యలో తీసుకుపోయారుగా."

"అది జైల్లో ఉందే."

"వచ్చేదాకా ఆగుతాం."

మా పేట పిల్ల స్తుతి ఊరుకోలేదు. "ఆమె కోసం మన పొయ్యి ఆర్పుకుంటామా పిన్నీ?" అంది. మేం గేటు బయటికి పోయి కూర్చున్నాం. కాసేపటికి తనే వచ్చి మా పక్కన కూలబడింది. "ఏం చెయ్యను, అంత కుప్ప ఒక్కదాన్నే తియ్యలేనుగా," అని సణిగింది.

మూడో రోజు శేషగిరి దాచేపల్లి వైపు నుంచి లారీలో ఆడవాళ్లను దింపాడు. వాళ్లు మమ్మల్ని టీవీలో చూసినట్టే చూసి, మేం ఊదుతామేమోనని పైట ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయారు. మేం ఆపలేకపోయాం. వాళ్ల ఇళ్లలోనూ పొయ్యిలున్నాయి.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి లోపల కేక వినిపించింది. ఒక పిల్ల కన్ను మూసుకుని తడుముకుంటూ గేటు పక్క కుళాయి దగ్గరకు వచ్చింది. రెండు చేతులూ ఎర్రగా కారం. ఏ చేత్తో కడుక్కుంటుంది? వెంకటరావమ్మ లేచి నీళ్లు కొట్టి, కొంగు ఉండచుట్టింది. శేషగిరి ఫోన్ పైకెత్తాడు.

"దగ్గరకొచ్చి తియ్యి శేషగిరీ," అంది ఆమె. "నా పేరు కూడా రాయించు." ఆవిరి పట్టి ఒత్తింది. మేం అందరం లేచి, కడిగిన చేతులతో కొంగులు ఉండచుట్టుకుని ఆ ఫోన్ ముందు నిలబడ్డాం.

శేషగిరి ఫోన్ దించలేదు. షాజాదీ రాలేదు. కుప్ప దగ్గర పని ఆగలేదు.

ఆ పిల్ల కాసేపటికి కన్ను తెరిచింది. "షాజాదీ అంటే మీలో ఎవరక్కా?" అని అడిగింది.

చెప్పాం. లోపల నుంచి మేస్త్రి పిలుస్తున్నా ఆమె కదల్లేదు. మేం జరిగి కూర్చోడానికి చోటిచ్చాం. మా మధ్య షాజాదీకి అట్టిపెట్టిన చోటు మాత్రం అలాగే ఉంచాం.